జైతూన్ గింజ బరువు

2010 వేసవి. గోదావరిఖనిలో ఒక ప్రైవేటు కాలేజీలో నేను అప్పటికి పద్నాలుగేళ్లుగా ల్యాబ్ అసిస్టెంటును. పాఠం చెప్పేది లెక్చరర్, మార్కులు వేసేది యూనివర్సిటీ, బీకరు పగిలితే మాట పడేది మాత్రం మేము. మా ల్యాబు రెండో అంతస్తులో ఉండేది. కిటికీలు ఎంత బిగించినా బొగ్గు దుమ్ము దూరేది. పొద్దున తుడిచిన బల్లమీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. అందుకే గాజు పలకలు మూడుసార్లు కడిగిస్తే గానీ నేను పని మొదలుపెట్టనిచ్చేవాణ్ణి కాదు. గ్లౌజులు లేకుండా ఎవరైనా లోపలికొస్తే అక్కడే నాలుగు వడ్డించేవాణ్ణి. పిల్లలు వెనకాల నన్ను 'పోలీస్ సార్' అనేవారు. నాకు తెలుసు, తెలియనట్టు ఉండేవాణ్ణి.

ఆ ఏడాది ఎమ్మెస్సీ బయోటెక్నాలజీలో మిగిలింది ఎనిమిదిమంది. చేరేవాళ్లు తగ్గిపోయి, ఆ బ్యాచ్‌తో కోర్సు ఎత్తేస్తామని మేనేజ్‌మెంట్ ముందే చెప్పేసింది. చివరి సెమిస్టరులో ఒక్కొక్కరూ ఒక ప్రాజెక్టు చేసి, బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ ముందు వైవాలో నిలబడాలి. అందులో తప్పితే మళ్లీ చేయడానికి మరుసటి ఏడు ల్యాబ్ ఉండదు. రెండేళ్ల చదువు గోదాట్లో కలిసినట్టే.

ఆ ఎనిమిదిమందిలో నస్రీన్ ఒకతి. తండ్రి ఖాజా భాయ్ బొగ్గు బాయిలో సపోర్ట్‌మన్. అంటే, లోపల కప్పు కూలకుండా దిమ్మెలు, బోల్టులు పెట్టే పని. అందరూ శనగలో, పెసర్లో తీసుకుంటే ఈ పిల్ల మాత్రం జైతూన్ అంది. ఆలివ్‌ను వాళ్లిళ్లల్లో జైతూన్ అంటారు.

"ఊళ్లె ఇన్ని గింజలుండంగ గదే ఎందుకే తల్లీ? మన దగ్గర దాని చెట్టే లేదు గదా!" అన్నాను.

"మా కితాబుల దాని పేరుంటది సార్. చిన్నప్పటి సంది వింటనే ఉన్న. లోపట ఏమున్నదో చూడాలనిపించింది. మా మామూ సౌదీల జైతూన్ తోటలనే పనిచేస్తడు. మొన్న చుట్టీకి వచ్చినప్పుడు చెట్టు కింద ఎండిన కాయలు తెచ్చిండు."

బరకత్తుకని, అంటే ఇంటికి మేలు జరగాలని తెచ్చిన కాయలవి. పైకండ ఒలిచేస్తే అరవై టెంకలు లెక్కకొచ్చాయి. రేగు టెంకకు కాస్త పొడుగు, అంతే. గైడ్‌గా ఉన్న లెక్చరరు పెద్దగా ఆలోచించకుండా సంతకం పెట్టేశాడు. 'జైతూన్ గింజలోని ప్రొటీన్ల అణుభారాలు ఎలక్ట్రోఫోరెసిస్ ద్వారా కొలవడం' అన్న శీర్షిక యూనివర్సిటీకి వెళ్లిపోయింది. వెళ్లిన శీర్షిక ఇక మారదు.

ఎలక్ట్రోఫోరెసిస్ అంటే భయపడాల్సిందేమీ లేదు. రెండు గాజు పలకల మధ్య పల్చటి జెల్ పోస్తాం. పైన చిన్న చిన్న గుంటలుంటాయి. గింజలోంచి తీసిన ప్రొటీన్‌ను ఎస్‌డీఎస్ అనే సబ్బులాంటి పదార్థంలో ఉడికించి ఆ గుంటల్లో వేసి కరెంటు పెడతాం. ముద్దగా చుట్టుకున్న ప్రొటీన్ సాగి దారమైపోయి, జెల్‌లోపల కిందికి ఈదుతుంది. చిన్నది చురుగ్గా పోతుంది, పెద్దది వెనకబడుతుంది. ఒక్కో గుంట కింది దారిని లేన్ అంటాం. ఒక పక్క లేన్‌లో మార్కర్ వేస్తాం. అది బరువు తెలిసిన ప్రొటీన్ల మిశ్రమం. అందులో ఒకటి కోడిగుడ్డు తెల్లసొనది, ఒకటి ఆవు నెత్తురుది. తరవాత నీలంరంగులో నానబెడితే ఎక్కడెక్కడ ఆగాయో అక్కడ గీతలు తేలతాయి. ఆ గీతలనే బ్యాండ్లంటాం. స్కేలు పెట్టి దూరం కొలిచి, మార్కర్‌తో పోల్చి గ్రాఫ్ కాగితం మీద బరువు చదువుకోవడమే. ఆ బరువుకు కొలమానం డాల్టన్. ఒక హైడ్రోజన్ పరమాణువు ఎంత తూగుతుందో దాదాపు అదే ఒక డాల్టన్.

ఇదంతా నేను నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. చెప్పేవాణ్ణే గానీ, అందులో వింత ఏమైనా ఉందని ఒక్కనాడూ అనుకోలేదు. వంటమనిషికి పప్పు ఎంతో నాకు జెల్ అంతే.

అవి ఉద్యమం రోజులు. వారంలో రెండు రోజులు బంద్, ఒకరోజు రాస్తారోకో. మొదటి జెల్ నడిపేసరికి ఏప్రిల్ వచ్చింది. వైవా ఇంకా పన్నెండు రోజులుంది. నస్రీన్ ముప్పైఐదు టెంకలు ఇంట్లోనే పగలగొట్టి, గింజలు పొడిచేసి సీసాలో తెచ్చింది. నడిపాం. రంగు వేశాం. కడిగి చూస్తే ఏముంది! పక్కన మార్కర్ బ్యాండ్లు ఆరూ చక్కగా నిలబడ్డాయి. జైతూన్ లేన్లలో మాత్రం గుంట నోటి దగ్గర ఒక నీలపు ముద్ద, దాని కింద పొగచారలాంటి మరక. ఒక్క గీత లేదు.

"అంత గట్టి టెంకలు అంత జల్ది ఎట్ల పగులగొట్టినవ్?" అని అడిగాను. అప్పటికే నాకు ఏదో తేడా కొట్టింది.

పిల్ల నీళ్లు నమిలింది. "అమ్మీ వేయించింది సార్. చింతగింజలు వేయిస్తే పెంకు ఊడొస్తది గదా, గట్లనే మూకుట్ల ఏసి వేయించింది. అప్పుడు రోకలితోని ఒక్క దెబ్బకే పగిలినయ్."

నాకు తలప్రాణం తోకకొచ్చింది. మా దిక్కు ప్రతి ఇంట్లో చింతగింజలు అలాగే వేయిస్తారు, మా అమ్మా వేయించేది. అయితే పొడి వేడికి ప్రొటీన్లు ఒకదానికొకటి అంటుకుని మాడి గట్టిపడిపోతాయి. ఇక ఏ సబ్బూ వాటిని విడదీయలేదు, జెల్‌లో దిగలేవు.

"ప్రొటీన్ తెమ్మంటే పల్లీలు వేయించుకొచ్చినవా!" అని గట్టిగానే కసిరాను. ఆ పిల్ల తల వంచుకుని నిలబడింది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి గానీ కింద పడనివ్వలేదు.

గైడ్ విషయం విని తేలిగ్గా నవ్వేశాడు. "ఇంత పంచాయితీ ఎందుకండీ, ఒక ఫోటో చూసి అతికించెయ్యండి" అన్నాడు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నా దగ్గర పాత జెల్ ఫోటోల కట్ట ఉండేది. బాగా వచ్చిన బ్యాచ్‌లవి. జెల్ చెడగొట్టుకున్న పిల్లలు ఏడుస్తూ వస్తే జాలిపడి ఒకటి తీసి ఇచ్చేవాణ్ణి. పెసర ఫోటో కింద శనగ అని రాసుకునేవారు. అందరూ పాసయ్యేవారు. చాలాచోట్ల జరిగేదేనని నాకు నేను సర్దిచెప్పుకునేవాణ్ణి. ఆరోజూ కట్ట తీసి, సోయాది ఒకటి బల్లమీద పెట్టాను.

నస్రీన్ దాన్ని చేత్తో ముట్టనైనా ముట్టలేదు. "గిది జైతూన్ కాదు గదా సార్" అంది.

"ఎవడు చూస్తడు?"

"నేను చూసిన గదా సార్."

చెంప ఛెళ్లుమన్నట్టయింది. కోపం కూడా వచ్చింది, అబద్ధమెందుకు! ఇరవై రెండేళ్ల పిల్ల నాకు నీతులు చెబుతుందా అనిపించింది. అయినా ఫోటో తీసి మళ్లీ కట్టలో పెట్టేశాను.

మిగిలినవి ఇరవైఐదు టెంకలు. ఈసారి నా కళ్లముందే పగలగొట్టమన్నాను. ఇద్దరం సుత్తె పట్టుకున్నాం. మొదటిది ఎగిరి బీరువా కిందికి పోయింది. రెండోది పగిలింది, లోపల గింజ పెంకుతో కలిసి చట్నీ అయింది. మూడోది పగిలితే లోపల ఏమీ లేదు, డొల్ల. ఇలాగైతే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అవుతుందని ఆపేశాను.

మర్నాడు ఫస్ట్ షిఫ్టు దిగాక ఖాజా భాయ్ కూతురితోపాటు వచ్చాడు. స్నానం చేసినా కనురెప్పల అంచుల్లో బొగ్గు నల్లగా కాటుకలా ఉంది. నేను గ్లౌజులు ఇస్తే, "ఇవ్వేసుకుంటే చప్పుడు తెల్వది సార్, పెంకే గదా ముట్టేది" అన్నాడు. నా నియమాన్ని నేనే పక్కన పెట్టాను.

ఒక్కో టెంకను రాతిపలక మీద నిలబెట్టి, ఇనుప మొలతో మెల్లగా తట్టి, చెవి వంచి విన్నాడు. తట్టడం, వినడం, పక్కన పెట్టడం. రెండు కుప్పలు చేశాడు.

"ఏందన్నా గది?" అన్నాను.

"బాయిల కప్పు గిట్లనే చూస్తం సార్. కట్టెతోని తట్టంగనే టంగుమంటే గట్టిగున్నట్టు. బద్దుమంటే పైన డొల్లున్నది, ఎన్కకు రావాలె. ముప్పై ఏండ్ల సంది పానం నిలవెట్టింది గీ చెవులే. గీ కుప్పల ఉన్నయి ఖాళీ. గివి నిండున్నయ్."

ఖాళీ అన్న కుప్పలోంచి నేనొకటి పగలగొట్టి చూశాను. ఖాళీయే. ఇంకొకటి. అదీ ఖాళీయే. మూడోది కొట్టబోతుంటే నవ్వి, "నమ్ముండ్రి సార్" అన్నాడు. నిండువి పద్నాలుగు తేలాయి. టెంకకు నిలువునా సన్నటి అతుకు ఉంటుంది. దానిమీద మొల ఆనించి ఒక్కటంటే ఒక్క దెబ్బ వేస్తే రెండు చిప్పలుగా విచ్చుకునేది. లోపల గింజ తెల్లగా, గీత పడకుండా, పసిపిల్ల గోరులా ఉంది. అన్నీ అయ్యాక బిడ్డ చేతిలో సీసా పెట్టి, "ఇగ నీ పని నువ్వు చేసుకో బేటా. మీ అమ్మీ రెండొద్దుల సంది అన్నం తింటలేదు, నా వల్లనే ఖరాబైందని" అన్నాడు.

పద్నాలుగు గింజలంటే ఒక్క జెల్‌కు సరిపోతాయి. రెండో అవకాశం లేదు.

ఈసారి గింజలకు వేడి తగలనివ్వలేదు. ఫ్రిజ్‌లో చల్లార్చిన అసిటోన్‌తో నూనె మొత్తం కడిగేసి, తెల్లటి పొడి తీసి, ఆ పొడిలోంచి ప్రొటీన్ లాగాం. ఉడికించే ముందు మెర్కాప్టోఇథనాల్ కలపాలి. ప్రొటీన్ ముక్కల మధ్య గంధకపు లంకెలు ఉంటే వాటిని తెంపేది అదే. దాని కంపు గురించి చెప్పనక్కర్లేదు, మూత తీస్తే కింది అంతస్తువాళ్లు కూడా తిట్టేవారు.

అప్పుడు నస్రీన్ అడిగింది. "సార్, ఒక్క లేన్ల గది వెయ్యకుంట నడుపుదమా?"

"ఎందుకు? ప్రోటోకాల్‌ల ఉన్నదా?"

"లేదు సార్. తెంపితే ఏమైతదో చూస్తున్నం. తెంపకుంటే ఎట్లుంటదో చూద్దమని."

గుంట ఒకటి ఖాళీగా ఉంది, పొడి కూడా కాస్త మిగిలింది. నీ ఇష్టమని గొణిగాను. పొద్దున పదింటికి కరెంటు పెట్టాం. కరెంటు పోకూడదని నేను మొక్కని దేవుడు లేడు. పోలేదు.

సాయంత్రానికి రంగు కడిగి, ఎక్స్‌రే ఫిల్ములు చూసే పాత లైటు డబ్బా మీద జెల్ పరిచాం. గీతలు! సన్నగా, నీలంగా, ఎవరో కలంతో గీసినట్టు. ఎక్కడి సౌదీ, ఎక్కడి ఖని! ఎడారిలో రాలిన కాయలోని కంటికి కనిపించని వస్తువు మా దుమ్ముపట్టిన గదిలో వచ్చి వరస కట్టి నిలబడింది. నస్రీన్ నోటిమీద చెయ్యి పెట్టుకుని, "సుబహానల్లా" అంది. నాకు తెలిసిన దేవుడి పేరు నేనూ అనుకున్నాను.

అయితే సంతోషం పావుగంటే. కొలుస్తుంటే ఒక చిక్కు వచ్చిపడింది. మెర్కాప్టోఇథనాల్ మందు వేసిన లేన్లలో రెండు మందపాటి బ్యాండ్లున్నాయి. గ్రాఫ్ మీద ఒకటి ఇరవైఆరు వేల డాల్టన్లకు, ఇంకొకటి ఇరవైఒక్క వేలకు వచ్చింది. మందు వెయ్యని లేన్‌లో ఆ రెండూ దాదాపు మాయం. వాటి బదులు ఎంతో పైన ఒకే ఒక బ్యాండు, నలభైఏడు వేల దగ్గర. ఒకే సీసాలోని పొడి, ఒకే రోజు, ఒకే జెల్. ఒకచోట ఉన్నది ఇంకోచోట లేదు.

"లేన్ కలుషితమైంది. దాన్ని కత్తిరించి పారెయ్. తక్కినవి చూపెట్టు, గొడవుండదు" అన్నాను. నా భయం నాది. ఎగ్జామినర్‌గా వచ్చే మేడం బోగస్ ప్రాజెక్టు అని అంతకుముందు ఏడాది పక్క ఊరి కాలేజీలో నలుగురిని ఫెయిల్ చేసి వచ్చిందని విన్నాను.

"వచ్చింది వచ్చినట్టే పెడత సార్" అంది నస్రీన్. "ఖరాబైన మొదటి జెల్ గుడ పెడత. వేయించినమని రాస్త."

"నీ నెత్తి! తప్పుతవు, రాసిపెట్టుకో" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

వైవా రోజు మేడం వచ్చింది. సన్నటి మనిషి, వెండి జుట్టు, మాట తక్కువ. జెల్ తేవడం, లైటు వెయ్యడం నా పని గనక నేను గోడవారగా నిలబడ్డాను. నస్రీన్ రిపోర్టు తెరిచి రెండు పేజీలు తిప్పగానే మేడం కనుబొమలు ముడుచుకున్నాయి.

"జైతూనా? ఇక్కడా? ఈ ఫోటో ఎక్కడిది?"

"మా జెల్‌దే మేడం. జెల్ ఉన్నది."

నేను డబ్బా మీద జెల్ పరిచి లైటు వేశాను. మేడం కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని చాలాసేపు వంగి చూసింది. జేబు స్కేలు తీసి నస్రీన్‌కు ఇచ్చి, "నా ముందు కొలువు" అంది. తను కూడా ఒక కాగితం తీసుకుంది. పిల్ల కళ్లు గీత మీదినుంచి కదల్లేదు. కొలిచింది, గ్రాఫ్ చదివింది. ఇరవైఆరు, ఇరవైఒకటి, నలభైఏడు. మేడం కాగితం మీద కూడా అవే వచ్చాయి, ఒకటి అర తేడాతో.

తరవాత మేడం వేలు సరిగ్గా నేను కత్తిరించమన్న లేన్ మీదికే పోయింది.

"ఈ పెద్దది పక్క లేన్‌లో కనిపించదేం? ఎక్కడికి పోయింది?"

నస్రీన్ జెల్‌వైపు చూసింది. నావైపు చూసింది. నేనేం చెప్పగలను, నేల చూశాను. తలుపు బయట డ్యూటీకి సెలవు పెట్టి వచ్చిన ఖాజా భాయ్ ఉన్నాడు. దగ్గొస్తే అడ్డం పెట్టుకున్న తువ్వాలు కొస కనిపిస్తోంది. రెండేళ్ల చదువు ఆ ఒక్క ప్రశ్న దగ్గర ఆగి ఉంది.

మేడం కసరలేదు. కలం మూత తీసి, కాగితం పిల్లవైపు జరిపింది. "ఆ చిన్నవి రెండూ కూడు" అంది.

నస్రీన్ రాసింది. ఇరవైఆరు. దాని కింద ఇరవైఒకటి. గీత గీసింది. కింద నలభైఏడు అని రాస్తూ రాస్తూ కలం అక్కడే ఆపేసింది.

"మేడం... పోలేదు!" అంది. "గీ రెండే గది. రెండు కలిసి ఒక్కటిగున్నయ్. మెర్కాప్టోఇథనాల్ వేస్తె మధ్యల లంకె తెగింది... మేడం, లంకె ఉన్నదని మేం సూడలేదు గదా, గీ బరువులే చెప్పినయ్!"

పద్నాలుగేళ్లు ఆ సీసా మూత తీసి ముక్కు మూసుకున్నానే తప్ప, అది ఏం తెంపుతోందో, తెగినవి ఒకనాడు ఎలా కలిసి ఉండేవో ఒక్కసారి చూడాలనిపించలేదు. ఒక గింజ తన లోపల రెండు ముక్కల్ని జోడించి దాచుకుంటే, ఒక స్కేలూ, ఒక పెన్సిలూ ఆ జోడింపును పట్టిచ్చాయి. దాన్ని మొదట చూసింది బాయి కార్మికుడి బిడ్డ.

మేడం మొదటి జెల్ పేజీకి వెనక్కి తిప్పి 'వేయించిన గింజలు' అన్న పేరా చదివింది. పెదవుల చివర నవ్వు కనిపించింది. "మీ అమ్మగారికి చెప్పు. వేడి ఏం చేస్తుందో ఇంత స్పష్టంగా నేను క్లాసులో కూడా చూపించలేదు" అంది. పాసని సంతకం పెట్టి, కలం సంచిలో పెట్టుకుంటూ, "ఆ లేన్ తీసేయకుండా ఉంచావే, అదీ చదువంటే" అని లేచింది. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. నాకు మాత్రం తల ఎత్తబుద్ధి కాలేదు.

బయటికి రాగానే ఖాజా భాయ్ బిడ్డ ముఖం చూసి అర్థం చేసుకుని తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. ఏమైంది, ఎట్లైంది అని అడిగాడు. నస్రీన్ చెప్పబోతే ఏడుపొచ్చేసింది. అందుకని నేనే ఆయన్ను లోపలికి తీసుకెళ్లి జెల్ చూపించి చెప్పాను. ఎన్ని బ్యాచ్‌లకు చెప్పానో లెక్కలేదు. ఆరోజు మాత్రం మొదటిసారి నేను చెబుతున్నది నాకే వినిపించింది.

ఖాజా భాయ్ నా భుజం మీద చెయ్యి వేసి, "సార్, మీరు గింత మంచిగ చెప్తరా!" అన్నాడు.

ఆయన మెచ్చుకోలుగానే అన్నాడు. పద్నాలుగేళ్లలో నా దగ్గరికొచ్చిన పిల్లలందరికీ నేను బాకీ పడింది ఏమిటో నాకు ఆ మాటతో తెలిసింది.